ఇరవయ్యో ముక్క

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మబ్బు ఉంది గాని వాన మబ్బు కాదు. నీళ్లు కలిపిన పాలలా ఈ కొస నుంచి ఆ కొసకు పలచగా పరుచుకుంది. ఎండను రానివ్వలేదు, చల్లదనాన్నీ ఇవ్వలేదు. గాలి లేదు. చెరువులో నిలబడ్డ కొంగకంటే నీళ్లలో దాని నీడే స్పష్టంగా ఉంది.

కిందటి వారం మనం ఆమెను ఇరవై రెండో స్లయిడు మీద ఒంగి ఉండగా వదిలాం. పరిశోధన భవనం రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల. తెల్లారేసరికి మళ్లీ ఆ బల్ల దగ్గరికే వచ్చింది. ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి.

చెరువులో చేపల్లేవు. రంగుల ఫ్యాక్టరీ వదిలే నీళ్లే చంపాయని పడవలవాళ్లు అంటున్నారు. ఫ్యాక్టరీ రాకముందే పోయాయని ఫ్యాక్టరీవాళ్లు అంటున్నారు. ఫ్యాక్టరీ మురుగు కాలవ మూయాలా వద్దా అన్నది దాని మీద తేలుతుంది. విచారణాధికారి ఎవరి మాటా నమ్మలేదు. చెరువు అడుగు మట్టిని అడగమన్నాడు. అడిగే పని ఆమెది. పడవలవాళ్ల పెద్ద ఆమె సొంత మేనమామ. ముప్పై ఏళ్లు తూముకు కాపలా ఉండి ఈమధ్యే దిగిపోయినవాడు ఆమె తండ్రి. ఈ సంగతి ఆమె మొదటిరోజే కాగితం మీద రాసి ఇచ్చింది. ఈ పని తెలిసినవాళ్లు చుట్టుపక్కల ఇంకెవరూ లేకపోవడంతో అధికారి ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని పని కానివ్వమన్నాడు.

చెరువు నడుమ పడవ ఆపి, అడుగులోకి గొట్టం దింపి, మూరెడు మట్టిని చెదరకుండా పైకి తీశారు. దాన్ని వేలి మందాన ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో సంచిలో పెట్టి, పైనుంచి కిందికి అంకెలు వేసింది. పైది కిందటి ఏటి మట్టి. కిందికి పోయేకొద్దీ పాత ఏళ్లు. ముక్కకు ఏడాది. మట్టి వయసు తేల్చే మరో ల్యాబు ఆ మాట ఖాయం చేసింది. ఫ్యాక్టరీ తెరిచిన ఏడు పందొమ్మిదో ముక్కలో ఉంది.

ముక్కను పొటాష్ నీళ్లలో వెచ్చబెట్టి, గుడ్డకంటే సన్నటి జల్లెడలో కడిగి, మిగిలినదానికి ఎర్రరంగు పట్టించి, మైక్రోస్కోపు అద్దం కింద చూడాలి. అప్పుడు కనిపిస్తాయి పెంకులు. రొయ్యకు దూరపు చుట్టాలైన పురుగులవి. నీళ్లలో బతికున్నప్పుడు కూడా కంటికి ఆనవు. శాస్త్రంలో వాటికి పెద్దపెద్ద పేర్లున్నాయి. ఆమె మాత్రం నలుసులు అంటుంది. చచ్చాక ఒళ్లు కరుగుతుంది, పెంకు కరగదు. వందలేళ్లయినా మట్టిలో అలాగే ఉంటుంది. తలచిప్ప ఒకచోట, వీపు పెంకు ఒకచోట, తోకగోరు ఒకచోట. వాటిని జతకట్టి లెక్కపెట్టడమే ఆమె ఉద్యోగం.

చేపలున్న నీళ్లలో పెద్ద నలుసు మిగలదు. చేప కంటికి ముందు పడేది అదే. చేపలు పోయాక పెద్దవి పెరుగుతాయి. ఇక్కడ బతకడం కష్టమని తోచినప్పుడు గుడ్లను గుర్రపు జీనులాంటి నల్లటి పెట్టెలో దాచి అడుగుకు వదులుతాయి. అవి మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి.

ఇరవై రెండో ముక్క నిండా పెద్ద నలుసులు. నల్లటి జీనులు.

ల్యాబు నడిపే పెద్దసారు తొమ్మిదింటికి వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, సంచీ కూడా దింపకుండా బల్ల దగ్గరికి నడిచాడు.

"ఎన్ని?"

"మూడొందల పన్నెండు సార్. అందులో నూట నలభై పెద్దవి. జీనులు ముప్పై ఒకటి."

"ఇరవై ఐదులో?"

"పెద్దది ఒక్కటి లేదు. అన్నీ చిన్నవే. ఆ ఏడు చెరువు నిండా చేపలే."

"పందొమ్మిదిలో?"

"పెద్దవీ లేవు, చిన్నవీ లేవు. గుండ్రంగా ఉండే రకం ఒక్కటే. అది మురుగులో కూడా బతుకుతుంది."

పెద్దసారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినా పెట్టుకోలేదు.

"అంటే ఫ్యాక్టరీకి మూడేళ్ల ముందే చేపల్లేవు."

"అలా కనిపిస్తోంది సార్."

"కనిపిస్తోందా, ఉందా?"

"మూడుసార్లు లెక్కపెట్టాను."

"గొట్టం తలకిందులు కాలేదు గదా?"

"పడవలోనే పై కొసకి గుడ్డ కట్టాను. నాన్న పట్టుకున్నారు, నేను ముడివేశాను."

ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు, సైకిళ్ల షెడ్డు తప్ప.

"నీకు మామయ్య ఉన్నాడమ్మా. పెంకులకు లేడు" అన్నాడు.

ఆమె నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు.

"ఎల్లుండి పదింటికి పట్టిక ఇవ్వాలి. ఇరవై, ఇరవై ఒకటి వదిలేశాం."

"టైం లేదు, మూడు ముక్కలకు ఒకటి చాలని మీరే అన్నారు."

"అన్నాను. ఇప్పుడు చాలదు. ఆ రెండూ మొదలుపెట్టు. ఈలోగా మీ నాన్నగారిని అడుగు. ఆ ఏడు చెరువుకు ఏమైందో తూము దగ్గరున్న మనిషికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"ఆయన ఎక్కువ మాట్లాడరు సార్."

"నువ్వు మాత్రం?" అని ఆయన తన గదిలోకి పోయాడు.

ఆమె ఇరవై ఒకటో సంచి విప్పి, చెంచాడు మట్టి తూచి, పొటాష్ నీళ్లలో నానబెట్టింది. ఇరవయ్యో సంచిని ఫ్రిజ్‌లోనే ఉంచింది. ఒంటిగంటకు ఇంటికి బయల్దేరింది.

తండ్రి వెనక వసారాలో మడతకుర్చీ గుడ్డ కుడుతున్నాడు. దబ్బనం పట్టుకున్న చెయ్యి నిదానంగా పైకి లేస్తోంది, నిదానంగా దిగుతోంది. కుట్టుకూ కుట్టుకూ నడుమ దూరం కొలబద్ద పెట్టి కొలిచినట్టుంది. ఆమె గట్టు మీద కూర్చుంది. నాలుగు కుట్లు పడేదాకా ఊరుకుంది.

"నాన్నా, ఇరవై రెండేళ్ల కిందట ఎండాకాలంలో చెరువుకు ఏమైంది?"

"ఏమవుతుంది. నీళ్లు తగ్గాయి."

"చేపలు?"

దబ్బనం గుడ్డలో సగం దిగి ఆగింది.

"నీ అద్దంలో కనిపించలేదా?"

"పోయాయని కనిపించింది. ఎలా పోయాయో అద్దం చెప్పదు."

వంటింట్లోంచి తల్లి గొంతు వచ్చింది. గట్టిగా అనలేదు. "చెప్పండి. ఆ రోజు మీ చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా నీలం పోలేదు. చివరికి పొయ్యిలో పెట్టాను. అది మండుతుంటే మంట కూడా ఆకుపచ్చగా వచ్చింది. దీని ఎదుటే పెట్టాను, దీనికి ఎనిమిదేళ్లు అప్పుడు. ఏంటమ్మా పచ్చమంట అంటే బొమ్మలాట అని చెప్పాను."

ఆమెకు ఆ మంట గుర్తులేదు.

తండ్రి దబ్బనాన్ని గుడ్డకే గుచ్చి పక్కన పెట్టాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. చాలా ఏళ్లుగా లోపల వరస పెట్టుకున్న మాటల్లా వచ్చాయి.

"ఆ ఏడు నాచు పట్టింది. తెడ్డు పడదు, వల దిగదు. పడవలవాళ్లంతా సర్దుకుని ఏటి మీదికి పోయారు, మూడు నెలలు. మీ మామ ఒక్కడు ఉండిపోయాడు. నాచుకు మైలుతుత్తం, ఆ నీలం మందు, చల్లమని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నీళ్ల లోతును బట్టి ఎంత మందో అందులో ఉంది. గోనెసంచిలో పోసి పడవ వెనక కట్టి ఈడ్చడమే, దానంతట అదే కరుగుతుంది. లోతు చూశాను. కొలతరాయి మీద తొమ్మిదడుగులు."

"అంత నీళ్లున్నాయా ఎండాకాలంలో?"

"లేవు. ఆరున్నాయి." ఆయన తన అరచేతిని చూసుకున్నాడు. "ఆ నెలలోనే తూము మరమ్మతు చేశారు. పాత రాయి విరిగితే మేస్త్రీ కొత్తది నాటాడు. మూడడుగులు కిందికి దించి నాటాడు. సున్నా ఎక్కడుండాలో వాడికి తెలీదు. నాకు తెలుసు. నాటుతుంటే పక్కనే నిలబడ్డాను కూడా. అయినా ఎనిమిదేళ్లు పొద్దున్నే లేచి ఆ అంకె చూసిన కళ్లమ్మా. అంకెను చూశాయి, రాయిని చూడలేదు. చెరువు గిన్నెలాంటిది. మూడడుగులు తగ్గితే సగం నీళ్లు లేనట్టే. సగం నీళ్లకు మొత్తం మందు పడింది."

"తెల్లారేసరికి?"

"తెల్లగా ఉంది చెరువంతా. పొట్టలు పైకి పెట్టి. గట్టు వెనక గొయ్యి తీసి పూడ్చాను. మూడు రోజులు పట్టింది. పడవలవాళ్లు తిరిగొచ్చాక చేపలు పలచబడ్డాయి, నాచు వల్ల అనుకున్నారు. నేను కాదనలేదు. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఎవరినడిగినా ఫ్యాక్టరీ వచ్చాకే అంటారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. వాళ్లకు అలాగే గుర్తుంది."

  

అప్పుడే పెరటి తలుపు చప్పుడైంది. మేనమామ వచ్చాడు. ఇప్పుడు ఆయన పడవ మీద ఇసుక మోస్తాడు. మోకాళ్ల దాకా ఇసుక అంటుకునే ఉంటుంది. నలుగురిలో నిలబడ్డా పడవ నెట్టే గెడ పట్టుకున్నట్టు ఒక చెయ్యి పైకి పెట్టి నిలబడతాడు. అందుకే చెరువు మీద ఆయన్ని గెడ అంటారు.

"ఏమ్మా మట్టి డాక్టరూ, మీ పెంకులు ఏమంటున్నాయి? మనవాళ్లేనా, అటు కలిసిపోయాయా?"

ఆయన బావ మొహం చూశాడు, అక్క ఉన్న వంటింటి వైపు చూశాడు. పైకెత్తిన చెయ్యి దిగింది.

"చెప్పేశావా బావా?"

"చెప్పాను."

"పడవ నడిపింది నేనని కూడానా?"

"ఆ మాట నేను ఎత్తలేదు."

"సరే. నేనే ఎత్తుకున్నాను." గుమ్మంలో కూర్చున్నాడు. కాళ్ల ఇసుక అరచేత్తో రాల్చాడు. "అమ్మడూ, ఎన్ని ముక్కలు లెక్కపెట్టావు మొత్తం?"

"ఇప్పటికి తొమ్మిది."

"తొమ్మిదిలో ఒకటి తీసేస్తే ఎనిమిది. ఎనిమిదీ తక్కువేం కాదు. ఆ ఇరవై రెండో దాన్ని తడిసిపోయిందను, పిల్లి తినేసిందను."

"ల్యాబులో పిల్లి లేదు మామయ్యా."

"పెంచుకోండి ఇకనైనా."

తల్లి గడప దాకా వచ్చి నిలబడింది. చేతిలో గరిటె ఉంది. నవ్వు రాబోయి ఆగిన మొహంతో ఉంది.

"తియ్యను మామయ్యా" అంది ఆమె. "అది పట్టికలో ఉంటుంది."

"ఉంటే ఏమవుతుందో తెలుసా? ఫ్యాక్టరీ రాకముందే చేపలు చచ్చాయని ఫ్యాక్టరీవాడు నీ కాగితమే పట్టుకుని చదువుతాడు. కాలవ మూయరు. ఇంకో యాభై ఏళ్లు ఆ రంగు నీళ్లు మన చెరువులోకే. ఫ్యాక్టరీ తెరిచేదాకా చేపలు నిండుగా ఉన్నాయని నేను వాంగ్మూలం ఇచ్చాను. వేలిముద్ర కాదు, సంతకం. అది అబద్ధమవుతుంది. నేను లోపలికి పోతాను. మీ నాన్న ఈ వయసులో జవాబు చెప్పుకోవాలి. ఇదంతా ఒక వేలెడు మట్టి కోసం."

"అది తీసేస్తే మిగిలినవాటిని మాత్రం ఎవరు నమ్ముతారు? నేను తీశానని నాకు తెలుస్తుంది గదా."

"నీ ఒక్కదానికే గదా తెలిసేది."

"రోజూ ఆ బల్ల దగ్గర కూర్చునేది నేనొక్కదాన్నే."

మేనమామ బావ వైపు తిరిగాడు. "నీ కూతురే" అన్నాడు. నిందలా అన్నాడు. తండ్రి తల ఊపాడు, ఒప్పుకున్నట్టు.

ఆమె ముందుకు జరిగి కూర్చుంది. గొంతు మారింది. బల్ల దగ్గర మాట్లాడే గొంతు అది.

"వినండి. ఇరవై రెండులో చేపలు చచ్చాయి. ఒప్పుకుందాం. కానీ పందొమ్మిదిలో నలుసులే లేవు. పెద్దవీ చిన్నవీ అన్నీ పోయాయి. అది ఒక్కరోజు మందు వల్ల అయ్యేది కాదు, ఏళ్ల తరబడి విషం పారితేనే అవుతుంది. నడుమ రెండు ముక్కలు నేను చూడలేదు. ఆ రెండేళ్లలో చేపలు తిరిగొచ్చి ఉంటే పెద్ద నలుసులు మళ్లీ తగ్గుతాయి, చిన్నవి లేస్తాయి. అలా కనిపిస్తే చెరువు కోలుకుందని అర్థం. కోలుకున్న చెరువును ఫ్యాక్టరీ చంపిందని అర్థం. నాన్న చేసిందీ అందులో ఉంటుంది, ఫ్యాక్టరీ చేసిందీ ఉంటుంది."

"వచ్చాయి" అన్నాడు తండ్రి. ఇద్దరూ ఆయన్ని చూశారు. "మరుసటి ఏడు వానలకు పైనున్న వాగులోంచి వచ్చాయి. తూము దగ్గర పిల్లల్ని చూశాను. వేలెడంతవి, గుంపులుగా. రోజూ పోయి చూసేవాణ్ణి. మీ అమ్మకు కూడా చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందనిపించింది."

ఆయన గొంతులో ఏదో వదులైంది. ఆమె ఆ మార్పు విన్నది. తండ్రి మోకాలి మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. వాళ్లింట్లో అంతకంటే ఎక్కువ అలవాటు లేదు.

"అయితే బతికాం" అంది. "ఇరవై ఒకటి నానుతోంది. సాయంత్రానికి తేలుతుంది. రేపు ఇరవై విప్పుతాను."

"విప్పకు" అన్నాడు మేనమామ.

ఇందాకటి వాదించే గొంతు కాదది. చెప్పి ఆయన తన పాదాల వంక చూశాడు.

"ఎందుకు?"

"ఇరవై ఒకటి చాలు. చేపలు తిరిగొచ్చాయని అది చెబుతుంది గదా. అంతవరకు పెట్టి మూసెయ్యి."

"ఎందుకు మామయ్యా?"

వంటింట్లో ఏదో పొంగి పొయ్యి మీద చిందిన చప్పుడు. తల్లి కదల్లేదు.

"ఆపై ఏడు మళ్లీ నాచు పట్టింది" అన్నాడాయన. "ఎక్కువ కాదు. తూము మూల కొంచెం. కానీ నాకు భయమేసింది. మళ్లీ అందరూ పడవలు సర్దుకుని పోతారు, కొందరిక తిరిగి రారు. బావను అడిగితే చల్లనివ్వడు. బావ కళ్లల్లో ఆ తెల్ల పొట్టలు ఇంకా పోలేదు. మిగిలిన అరబస్తా తూము గదిలోనే ఉంది. పార కావాలని చెప్పి అక్క దగ్గర తాళంచెవి తీసుకున్నాను."

తల్లి గరిటెను రెండు చేతులతో పట్టుకుంది.

తండ్రి బావమరిదిని చూస్తున్నాడు. కోపంగా కాదు. పక్కనే నిలబడి, నాటుతుంటే చూసి కూడా గమనించని దేన్నో ఇప్పుడు చూస్తున్నట్టు.

"లోతు చూశావా?" అన్నాడు.

"చూశాను."

"దేని మీద?"

"ఆ రాయి మీదే. అది తప్పని నువ్వు నాకెప్పుడు చెప్పావు బావా? పడవ మాత్రం నడిపించావు."

తండ్రి గుడ్డలోంచి దబ్బనం లాగి పక్కన పడేశాడు.

"చచ్చాయా?" ఆమె అడిగింది.

"తెలీదు." మేనమామ తల ఎత్తాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి. "ప్రమాణంగా తెలీదమ్మడూ. సంచిలో మందు కరిగింది, పడవ కట్టేశాను, అటునుంచి అటే ఏటి మీదికి పోయాను. చూడ్డానికి ధైర్యం చాల్లేదు. రెండు నెలల తర్వాత వచ్చాను. వానలు దంచికొట్టి చెరువు నిండింది. చేపలు బాగానే పడుతున్నాయని ఒకడన్నాడు, పడ్డంలేదని ఒకడన్నాడు. నేను వల దింపలేదు. ఇసుక పనిలోకి దిగాను. మరుసటి ఏడు ఫ్యాక్టరీ తెరిచారు. చేపల్లేవని అందరూ అరవడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు నేను అరిచాను. అరిచి అరిచి నిజమని నమ్మాను. నమ్మాను కాబట్టే సంతకం పెట్టాను. చేపల్ని చంపింది ఫ్యాక్టరీవాడో నేనో ఇరవయ్యో ముక్కకు తెలుసు. నాకు తెలీదు. తెలుసుకోవాలని లేదు."

పలచటి మబ్బు కిందుగా ఒక పిట్ట అటునుంచి ఇటు పోయింది. ఎవరూ చూడలేదు.

ఇరవై ఏళ్లుగా చెరువు గట్టు మీద ఏ సభ జరిగినా లేచి నిలబడి మాట్లాడింది ఈయనే. చిన్నప్పుడు తనను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నది ఈయనే. మట్టి చదువు చదువుతానంటే ఇంట్లో అందరూ నవ్వితే, చదవనీయండి, మనకే పనికొస్తుంది అన్నది కూడా ఈయనే. ఆమె ఇవన్నీ అనుకుంది.

తల్లి లోపలికి పోయి పొయ్యి ఆర్పింది. గిన్నెలు దించిన చప్పుడైంది. నాలుగు కంచాలు పెట్టింది.

"చల్లారిపోతోంది. చేతులు కడుక్కోండి" అంది.

"నేను పోతానక్కా."

"తిని పో."

ముగ్గురూ కూర్చున్నారు. తల్లి వడ్డించి తానూ కూర్చుంది. అన్నం మీద కూర పడింది, నీళ్లగ్లాసులు పెట్టారు. మేనమామ ముద్ద కలిపాడు గాని ఎత్తలేదు. సగంలో లేవబోయాడు. తండ్రి ఎడమ చెయ్యి చాచి ఆయన మోకాలి మీద వేసి ఉంచాడు. ఆయన్ని చూడకుండానే వేశాడు. మేనమామ మళ్లీ కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలే చప్పుడు, కంచానికి వేళ్లు తగిలే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఇరవయ్యో సంచి ఇంకా ల్యాబు ఫ్రిజ్‌లోనే ఉంది. ఆమె తొందరతొందరగా తింటోంది. అది ముగ్గురూ చూశారు. ఎందుకో ఎవరూ అడగలేదు.